బీటా యాంటీవైరస్ వేశాక కంప్యూటర్ మొరాయిస్తే: తప్పు ఎక్కడుందో తేల్చుకుని, శుభ్రంగా తీసేసే పద్ధతి

కంప్యూటర్‌లో ఏదైనా తేడా చేస్తే మన అనుమానం ముందు కంటికి కనిపించేదాని మీదికే పోతుంది. పేజీలు తెరుచుకోకపోతే రౌటర్, కాగితం రాకపోతే ప్రింటర్, గేమ్ మధ్యలో ఆగిపోతే గ్రాఫిక్స్ కార్డు. పది రోజుల కిందట సరదాగా వేసుకున్న బీటా, అంటే ఇంకా పరీక్షలో ఉన్న, యాంటీవైరస్ గుర్తుకే రాదు. నేను ఒకసారి రెండు రోజులు రౌటర్‌తో కుస్తీ పట్టాను. రీసెట్ చేశాను, కేబుల్ మార్చాను, నెట్ కంపెనీవాళ్లకి ఫోన్ చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. అదే వైఫై మీద ఫోన్‌లో నెట్ హాయిగా నడుస్తోందన్న సంగతి రెండో రోజు సాయంత్రానికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. తప్పంతా బీటా యాంటీవైరస్ పెట్టిన నెట్‌వర్క్ ఫిల్టర్‌ది.

ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్ల గురించి. కమాండ్లను పలికినట్టే రాశాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

## అసలు ఇది ఎక్కడ కూర్చుంటుంది

మామూలు ప్రోగ్రామ్ పాడైతే అది ఒక్కటే మూతపడుతుంది. యాంటీవైరస్ అలా కాదు. మీరు ఏ ఫైలు తెరిచినా ముందు తన చేతిలోంచి వెళ్లేలా ఫిల్టర్ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ని పెడుతుంది. నెట్ నుంచి వచ్చేదాన్ని చూడటానికి ఇంకొకటి. చాలా వాటికి విండోస్ మొదలయ్యేటప్పుడే మిగతా డ్రైవర్ల కంటే ముందు లేచే మూడోది కూడా ఉంటుంది. విండోస్ 8 నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఇవన్నీ కెర్నెల్‌లో, అంటే విండోస్ గుండెకాయలో, నడుస్తాయి. అక్కడ తప్పు జరిగితే మిషన్ మొత్తం పడిపోతుంది, బ్లూ స్క్రీన్ వచ్చేది అందుకే.

బీటా కాని సరుకు కూడా ఇలా దెబ్బతీసిన సందర్భాలున్నాయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ పంపిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీలోని ఎస్‌వీసీహోస్ట్ అనే సొంత సిస్టమ్ ఫైలునే వైరస్ అనుకుంది. ఆ కంప్యూటర్లు నెట్ పోగొట్టుకుని, మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన లోపమున్న ఒక అప్‌డేట్ ఫైలు వల్ల సుమారు 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. పరీక్షలన్నీ అయిపోయి బయటికి వచ్చినవాటి సంగతే ఇది. బీటా అంటే ఆ పరీక్ష మీ మిషన్ మీదే జరుగుతోందన్నమాట.

## చెయ్యి పెట్టేముందు

కంప్యూటర్ ఇంకా ఎంతో కొంత నడుస్తుంటే, రిపేరు మొదలుపెట్టకముందే నాలుగు పనులు చేసుకోండి.

ఒకటి, ముఖ్యమైన ఫైళ్లు బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కుని తీసి పక్కన పెట్టండి.

రెండు, బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) రికవరీ కీ. దీన్ని చాలామంది పట్టించుకోరు, తర్వాత ఇక్కడే ఇరుక్కుపోతారు. ఈ మధ్య వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. రిపేర్ స్క్రీన్ నుంచి సేఫ్ మోడ్‌కి (తప్పనిసరి డ్రైవర్లతోనే విండోస్ మొదలయ్యే పద్ధతి) వెళ్లబోతే 48 అంకెల కీ అడగవచ్చు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఇప్పుడే లాగిన్ అయి చూసి, కాగితం మీద రాసుకోండి. దానితోపాటు అకౌంట్ పాస్‌వర్డ్ కూడా గుర్తుందో లేదో చూసుకోండి, సేఫ్ మోడ్‌లో ఒక్కోసారి పిన్ పనిచేయదు.

మూడు, ఆ యాంటీవైరస్ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్‌ని కంపెనీ సొంత సైటు నుంచే దించి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. పేరున్న కంపెనీలు చాలావరకు ఇలాంటిది ఇస్తాయి. అవాస్ట్‌కి అవాస్ట్ క్లియర్, మెకాఫీకి ఎంసీపీఆర్, ఈసెట్‌కి ఈసెట్ అన్‌ఇన్‌స్టాలర్. నెట్ పోయాక దీన్ని వెతుక్కోవడం పెద్ద తలనొప్పి.

నాలుగు, ఏ రోజు నుంచి తేడా మొదలైందో చూడండి. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతికితే వ్యూ రిలయబిలిటీ హిస్టరీ అని వస్తుంది. రోజువారీ గ్రాఫ్‌లో ఎర్ర గుర్తులు ఎప్పటి నుంచి పడ్డాయో, ఆ రోజు ఏమేం ఇన్‌స్టాల్ అయ్యాయో పక్కపక్కనే ఉంటాయి. అనుమానం సగం ఇక్కడే తీరుతుంది. అదే రోజు విండోస్ అప్‌డేట్ కూడా వచ్చి ఉంటే మాత్రం తొందరపడి తీర్పు చెప్పకండి.

## డిజేబుల్ చేసి చూశాను, అయినా పోలేదు

ఎవరిని అడిగినా మొదట చెప్పే మాట ఇదే. గడియారం పక్కనున్న గుర్తు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రొటెక్షన్ ఆపేశారు, సమస్య అలాగే ఉంది, కాబట్టి యాంటీవైరస్ తప్పు కాదని తేల్చేశారు. ఇది తప్పుడు లెక్క. ఆ బటన్ ఆపేది తనిఖీని మాత్రమే. డ్రైవర్లు కెర్నెల్‌లో అలాగే ఉంటాయి, ఫైళ్లూ నెట్ ట్రాఫిక్కూ ఇంకా వాటి మీదుగానే పోతాయి. లోపం డ్రైవర్‌లోనే ఉంటే, బటన్ ఆపినా ఆపకపోయినా ఒకటే. దీనికి తిరగేసిన లెక్క మాత్రం నిజమే. బటన్ ఆపగానే సమస్య పోయిందంటే వేలు దాదాపుగా యాంటీవైరస్ వైపే చూపిస్తున్నట్టు.

తేల్చుకోవడానికి రెండు పరీక్షలు కలిపి చేయాలి.

మొదటిది క్లీన్ బూట్, అంటే బయటి ప్రోగ్రాములను ఆపి విండోస్‌ని మొదలుపెట్టడం. విండోస్ కీతో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టండి. సర్వీసెస్ ట్యాబ్‌లో మైక్రోసాఫ్ట్ సర్వీసులను దాచే టిక్ పెట్టి, మిగిలినవాటిని ఆపండి. ఆపేముందు ఆ జాబితాని ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్‌లనూ ఆపి రీస్టార్ట్ చేయండి. యాంటీవైరస్ సర్వీసు చాలాసార్లు ఆగనని మొండికేస్తుంది, తనను తాను కాపాడుకునే ఏర్పాటు దానికి ఉంటుంది. ఈ పరీక్షకి అదే మంచిది. ఇప్పుడు మిగతా ప్రోగ్రాములన్నీ పక్కకి తప్పుకున్నాయి, యాంటీవైరస్ డ్రైవర్లు మాత్రం ఉన్నాయి.

రెండోది సేఫ్ మోడ్. షిఫ్ట్ కీ నొక్కిపట్టి రీస్టార్ట్ క్లిక్ చేయండి. నీలం స్క్రీన్‌లో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ అన్న వరసలో వెళ్లి, జాబితా రాగానే 4 నొక్కండి. నెట్ కూడా కావాలంటే 5. ఎంఎస్‌కాన్ఫిగ్‌లోనూ సేఫ్ బూట్ టిక్ ఉంది గానీ, దాన్ని నేను వాడను. ఆ టిక్ మళ్లీ తీసేదాకా కంప్యూటర్ ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోకే వస్తుంది, అందులో పాస్‌వర్డ్ తీసుకోకపోతే బయటికి రావడం కష్టం.

క్లీన్ బూట్‌లో సమస్య ఉండి, సేఫ్ మోడ్‌లో లేకపోతే తప్పు ఏదో ఒక డ్రైవర్‌ది. గ్రాఫిక్స్ డ్రైవర్ లాంటివీ ఆ అనుమానితుల్లో ఉంటాయి, కానీ ఈ మధ్య మారింది యాంటీవైరస్ ఒక్కటే అయితే ఇక ఆలోచించేదేముంది. క్లీన్ బూట్‌లోనే సమస్య పోతే, మీరు ఆపినవాటిలో ఏదో ఒకటి తనే తప్పు చేస్తోంది, లేదా యాంటీవైరస్‌తో గొడవపడుతోంది. పాత యాంటీవైరస్ తాలూకు మిగులు, వీపీఎన్, గేముల్లో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్, బ్యాకప్ ప్రోగ్రామ్, ఇవే ఎక్కువగా తగిలేవి. సగం సగం ఆన్ చేసుకుంటూ పోతే నాలుగైదు రీస్టార్ట్‌ల్లో దొరుకుతుంది. సేఫ్ మోడ్‌లో కూడా అదే గోల అంటే యాంటీవైరస్‌ని వదిలేసి ర్యామ్, డిస్క్ వైపు చూడండి.

## విండోస్ పైకి రాకపోతే

పవర్ ఆన్ చేసి, లోగో కనిపించగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. మళ్లీ అలాగే చేయండి. రెండు మూడు సార్లు అలా మధ్యలో ఆగేసరికి విండోస్ తనంతట తానే రిపేర్ స్క్రీన్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి స్టార్టప్ సెట్టింగ్స్ దారి పైన చెప్పినదే. 4 పనిచేయకపోతే 8 నొక్కి చూడండి. అది అందరికంటే ముందు లేచే యాంటీవైరస్ డ్రైవర్‌ని ఆ ఒక్కసారికి ఆపుతుంది.

అదీ కాకపోతే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోని సిస్టమ్ రీస్టోర్. యాంటీవైరస్ వేయకముందు తేదీతో పాయింట్ ఉంటే అదృష్టమే. రీస్టోర్ మీ ఫొటోలు, డాక్యుమెంట్ల జోలికి పోదు, ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. క్రౌడ్‌స్ట్రైక్ గొడవప్పుడు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు డిలీట్ చేస్తే మిషన్లు లేచాయి కదా అని, మీరు కూడా డ్రైవర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి యాంటీవైరస్ ఫైళ్లు చెరిపేయకండి. అప్పుడు చెరిపింది డ్రైవర్ చదువుకునే డేటా ఫైలు. డ్రైవర్‌నే చెరిపేసి, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) దాని పేరు అలాగే వదిలేస్తే, ఆ పేరు మీద ఆధారపడ్డ పరికరం అసలు మొదలవదు. డిస్క్ ఫిల్టర్ అయితే విండోస్ పైకి రాదు. కీబోర్డ్ ఫిల్టర్ అయితే కీబోర్డ్ చచ్చిపోతుంది, పాస్‌వర్డ్ కొట్టే దారి కూడా ఉండదు.

## బ్లూ స్క్రీన్ వెనక ఉన్న పేరు

బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు సాధారణంగా విండోస్ ఆ క్షణం వివరాలతో ఒక చిన్న డంప్ ఫైలు దాస్తుంది, సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే చోట. నిర్‌సాఫ్ట్ వాళ్ల బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తెరిస్తే, పడిపోయిన క్షణంలో ఏ డ్రైవర్లు నడుస్తున్నాయో చూపిస్తుంది. ఎన్‌టీఓఎస్‌కెర్నెల్ పేరు ఒక్కటే కనిపిస్తే దాన్ని నిందించకండి. అది విండోస్ కెర్నెల్, వేరేవాళ్లు చేసిన తప్పు దాని మీద పడుతుంది. దానితోపాటు మూడు నాలుగు డంపుల్లో మళ్లీ మళ్లీ వచ్చే ఇంకో పేరు చూడండి. సిస్టమ్32 లోని డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఆ ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే డీటెయిల్స్ ట్యాబ్‌లో కంపెనీ పేరు ఉంటుంది. ఒక్క డంప్‌తో ఏదీ తేల్చకండి.

నాకు బాగా నచ్చే పరీక్ష ఇంకొకటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎఫ్ఎల్‌టీఎంసీ అని కొట్టండి. ఫైళ్ల దారిలో కూర్చున్న ఫిల్టర్లన్నీ, ఒక్కోదానికి ఆల్టిట్యూడ్ అనే అంకెతో వరసగా వస్తాయి. 320000 నుంచి 329998 మధ్యనున్నవి యాంటీవైరస్‌లవి. 328010 దగ్గర డబ్ల్యూడీఫిల్టర్ కనిపిస్తే అది విండోస్ సొంత డిఫెండర్‌ది, కంగారు అక్కర్లేదు. అది కాకుండా ఆ వరసలో ఇద్దరు వేర్వేరు కంపెనీలవాళ్లు ఉంటే మీ కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు కొట్టుకుంటున్నట్టే. ఎప్పుడో ఏళ్ల కిందట తీసేశామనుకున్నది ఇక్కడ దర్శనమివ్వడం మామూలే.

## నెట్, బ్రౌజర్ గొడవలు

ముందుగా అదే వైఫై మీద ఇంకో పరికరంలో నెట్ చూడండి. నేను చేసిన పొరపాటు మీరు చేయొద్దు.

నెట్ ఉంది గానీ సైట్లన్నీ సురక్షితం కాదని బ్రౌజర్ గోల పెడుతుంటే, అది హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ పని. ఎన్‌క్రిప్ట్ అయిన పేజీ లోపల చూడటానికి యాంటీవైరస్ మధ్యలో దూరి, సైటు సర్టిఫికెట్ (ఇది అసలు సైటేనని చెప్పే గుర్తింపు) స్థానంలో తనది పెడుతుంది. దానికోసం, తనిచ్చినవాటిని నమ్మమని చెప్పే రూట్ సర్టిఫికెట్‌ని విండోస్‌లో చేరుస్తుంది. బ్రౌజర్‌లో అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారో చూడండి. అక్కడ యాంటీవైరస్ పేరు ఉంటే దొంగ దొరికినట్టే. సెట్టింగ్స్‌లో ఆ స్కానింగ్ ఒక్కటి ఆపితే సరి. బీటాలో దీన్ని మొదటి రోజే ఆపేయమని నా సలహా. బ్యాంకు పేజీని మధ్యలో విప్పి చూసే పని ఇంకా పరీక్షలో ఉన్న ప్రోగ్రామ్‌కి ఎందుకు?

నెట్ పూర్తిగా పోతే, నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరవండి. అక్కడి జాబితాలో యాంటీవైరస్ పేరుతో ఫిల్టర్ ఉంటే టిక్ తీసి చూడండి. ప్రింటర్ ఒక్కటే అందకపోతే ఎక్కువసార్లు ఫైర్‌వాల్ మీ ఇంటి వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్ అనుకుంటోంది. దాన్ని ప్రైవేట్ చేయండి.

## స్లో అయిపోతే

వేసిన మొదటి రోజు స్లోగా ఉండటం జబ్బు కాదు. డిస్కులోని ఫైళ్లన్నీ కొత్తగా చూసుకుంటోంది, ఆ స్కాన్ పూర్తి కానివ్వండి. మూడు రోజులైనా అలాగే ఉంటే రిసోర్స్ మానిటర్‌లో డిస్క్ ట్యాబ్ తెరిచి, యాంటీవైరస్ ఏ ఫైళ్లను పదే పదే చదువుతోందో చూడండి. వర్చువల్ మిషన్ డిస్కులు, పెద్ద గేమ్ ఫోల్డర్లు దొరికితే వాటిని ఎక్స్‌క్లూజన్‌లో (తనిఖీ నుంచి మినహాయించే జాబితా) పెట్టొచ్చు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని మాత్రం ఎప్పుడూ పెట్టకండి. బీటాలు లాగ్ ఫైళ్లు ఎడాపెడా రాస్తాయి కూడా. సీ డ్రైవ్ ఉన్నట్టుండి నిండిపోతుంటే ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో దాని సైజు చూడండి.

రోజులు గడిచేకొద్దీ స్లో అవుతూ, రీస్టార్ట్ చేయగానే బాగైపోతుంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ దగ్గర నాన్ పేజ్డ్ పూల్ అనే అంకె రోజూ ఒకసారి రాసుకోండి. కొన్ని వందల ఎంబీల నుంచి జీబీల్లోకి ఎక్కుతూ పోతుంటే ఏదో డ్రైవర్ మెమరీ తీసుకుని తిరిగి ఇవ్వడం లేదు. దీనికి మీ చేతిలో మందు లేదు, తీసేయడమే.

## మంచి ఫైలుని పట్టుకుపోతే

నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ ఇవాళ తెరుచుకోకపోతే ముందు క్వారంటైన్ (యాంటీవైరస్ పట్టుకున్న ఫైళ్లని బంధించే చోటు) చూడండి. అన్నీ వెనక్కి తెచ్చే బటన్, అన్నీ చెరిపే బటన్, రెండూ ముట్టుకోకండి. ఒక్కో ఫైలు ఏ ఫోల్డర్‌లోంచి వచ్చిందో చదవండి. అనుమానముంటే వైరస్‌టోటల్ సైటులో చూడండి, అక్కడ 70కి పైగా ఇంజిన్లు ఉంటాయి. మీ బీటా ఒక్కటే వైరస్ అంటూ, మిగతావన్నీ కాదంటుంటే అది పొరపాటు పడ్డట్టే అనుకోవచ్చు. అక్కడ ఎక్కించిన ఫైలు భద్రతా కంపెనీల చేతికి వెళ్తుంది, అందుకే సొంత డాక్యుమెంట్లు ఎక్కించకండి. విండోస్ ఫైలునే పట్టుకుపోయి ఉంటే దాన్ని వెనక్కి తెచ్చి, రీస్టార్ట్ చేసేముందే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎఫ్‌సీ, ఒక ఖాళీ, స్లాష్, స్కాన్‌నౌ కొట్టండి.

## తీసేయడం, వరస తప్పకుండా

తేలిపోయింది, తీసేద్దామనుకున్నారు. నెట్ కేబుల్ పీకండి లేదా వైఫై ఆపండి. కాసేపు ఏ కాపలా లేకుండా ఉంటారు కాబట్టి ఈ జాగ్రత్త. యాంటీవైరస్ సెట్టింగ్స్‌లో సెల్ఫ్ డిఫెన్స్ లాంటి పేరుతో ఉన్నదాన్ని ఆపి, మామూలు విండోస్‌లోనే సెట్టింగ్స్, యాప్స్ దారిలో అన్‌ఇన్‌స్టాల్ చేయండి. దీన్ని సేఫ్ మోడ్‌లో మొదలుపెడితే తరచూ ఫెయిల్ అవుతుంది, ఎందుకంటే విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు అక్కడ మామూలుగా నడవదు. అయ్యాక రీస్టార్ట్.

తర్వాత సేఫ్ మోడ్‌లోకి వెళ్లి పెన్‌డ్రైవ్‌లోని రిమూవల్ టూల్ నడపండి. అన్‌ఇన్‌స్టాల్ సరిగా అయిందని చెప్పినా సరే, నేను ఇది చేయకుండా వదలను. బీటా అన్‌ఇన్‌స్టాలర్ కూడా బీటాయే కదా. మళ్లీ రీస్టార్ట్ చేసి, ఎఫ్ఎల్‌టీఎంసీ జాబితాలో ఆ పేరు పోయిందో లేదో చూడండి. మేనేజ్ కంప్యూటర్ సర్టిఫికెట్స్ తెరిచి, ట్రస్టెడ్ రూట్ ఫోల్డర్‌లో ఆ కంపెనీ స్కానింగ్ సర్టిఫికెట్ మిగిలి ఉంటే అదొక్కటే తీసేయండి.

ఇప్పుడు విండోస్ సెక్యూరిటీ తెరవండి. ఇంకో యాంటీవైరస్ లేకపోతే డిఫెండర్ తనంతట తానే ఆన్ అవుతుంది. ఇంకా పాత పేరే చూపిస్తుంటే మిగులు ఉన్నట్టు, రిమూవల్ టూల్ ఇంకోసారి నడపండి. ఆన్ అయ్యాక నెట్ పెట్టి, అప్‌డేట్ చేసి, ఫుల్ స్కాన్ పెట్టండి. నిజంగా పనిచేస్తోందో చూడాలంటే ఐకార్ టెస్ట్ ఫైలు ఉంది. 68 అక్షరాల ప్రమాదం లేని ఫైలు, యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌లా పట్టుకోవాలని ముందే ఒప్పుకున్నవి. డిఫెండర్ దాన్ని పట్టుకుంటే మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

నెట్ ఇంకా రాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ వాడండి. వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, వీపీఎన్ మళ్లీ పెట్టుకోవాలి. విండోస్ ఇంకా కుంటుతుంటే, 11లో సిస్టమ్, రికవరీ దగ్గర విండోస్ అప్‌డేట్ ద్వారా సమస్యలు సరిచేసే ఆప్షన్ ఉంటుంది. ప్రోగ్రాములు, ఫైళ్లు ఉంచుతూనే విండోస్‌ని మళ్లీ వేస్తుంది. రీసెట్ దిస్ పీసీ దాకా వెళ్లాల్సి వస్తే, ఫైళ్లు ఉంచమన్నా ప్రోగ్రాములు మాత్రం పోతాయి.

## కంపెనీకి చెప్పేటప్పుడు

పనిచేయట్లేదు అని ఒక్క ముక్క రాస్తే వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. యాంటీవైరస్ బిల్డ్ నంబర్ (తీసేయకముందే రాసుకోవాలి), విన్‌వర్ అని కొడితే వచ్చే విండోస్ వెర్షన్, మిషన్‌లో ఉన్న వీపీఎన్ లాంటి ఇతర ప్రోగ్రాములు, మీరు చేసిన రెండు పరీక్షల ఫలితం, మినీడంప్ ఫైళ్లు. వీటికి తోడు, ఏం చేస్తే సమస్య వస్తుందో వరసగా రాయగలిగితే మీ రిపోర్టు పైకి వెళ్తుంది. డంప్‌లో ఆ క్షణానికి మెమరీలో ఉన్న మీ సమాచారం కొంత ఉండవచ్చు, కాబట్టి నలుగురూ చూసే చోట పెట్టకుండా కంపెనీ ఇచ్చిన అప్‌లోడ్ దారిలోనే పంపండి. పూర్తి మెమరీ డంప్ అడిగితే మటుకు, ఆ సమయంలో ఏమేం తెరిచి ఉన్నాయో గుర్తుచేసుకుని ఆలోచించుకోండి.

మళ్లీ బీటా వేయాలన్న దురద పుడితే వర్చువల్‌బాక్స్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో ఇంకో విండోస్ పెట్టుకుని అక్కడ వేయండి. వేసేముందు స్నాప్‌షాట్ (అప్పటి స్థితికి కాపీ) తీసుకుంటే, ఎంత పాడైనా వెనక్కి రావడానికి రెండు క్లిక్కులు చాలు.